కుడికన్ను, కుడిచెవి: మా బడిలో చేసిన నమూనాల డైరీ

మా బడి హనుమకొండ నుంచి బస్సులో ముప్పావుగంట దూరం. నేను జీవశాస్త్రం చెబుతాను. కన్ను, చెవి నమూనాలు ఎలా చేశామో, ఎక్కడ చెడిపోయాయో, వాటి మీద అంటించిన పేర్లు ఎన్నిసార్లు మార్చామో ఇందులో రాస్తున్నాను. ఇంకో బడిలో ఎవరైనా చేస్తే మేం పడ్డ తిప్పలు వాళ్లు పడకూడదని.

ఈ నమూనాలు చేయడానికి కారణం ఒక్కటే. తొమ్మిదో తరగతి అమ్మాయి నాయనమ్మకు కంటి శిబిరంలో శుక్లం ఉందన్నారు. అమ్మాయి పాఠంలో శుక్లపటలం అనే బొమ్మ చూసి, నల్లగుడ్డు మీది పొర చెక్కేస్తారని ఇంట్లో చెప్పింది. అవ్వ భయపడి రెండు నెలలు ఆసుపత్రి దిక్కు పోలేదు. శుక్లం వచ్చేది లోపలి కటకానికి, అంటే లెన్స్‌కు. శుక్లపటలం అంటే కంటి ముందుండే అద్దం లాంటి పొర, కార్నియా. ఈ రెండూ వేరని నేను క్లాసులో ఎప్పుడూ విడిగా చెప్పలేదు.

దశ 1: కనుగుడ్డు గోళం

పెద్దవాళ్ల కనుగుడ్డు ముందు నుంచి వెనక్కి సుమారు 24 మి.మీ. ఉంటుంది. వెనక బెంచీకి కనబడాలని 9 రెట్లు తీసుకున్నాం. అంటే 216 మి.మీ.

జూన్ 24. బెలూన్ ఊది, మైదా జిగురుతో ఐదు పొరల పేపర్ అంటించాం. రాత్రి వాన పడి చల్లబడేసరికి బెలూన్ కుంచించుకుపోయింది. పొద్దున కొలిస్తే ఒక వైపు 219, ఇంకో వైపు 198, పక్కన సొట్ట. పారేశాం.

జూన్ 27. బడిలో పాత 5వ నంబర్ ఫుట్‌బాల్ ఉంది. కొంచెం గాలి తీసి చుట్టుకొలత 66 సెం.మీ.కి తెచ్చాం. అంటే అడ్డుకొలత 21 సెం.మీ. దాని మీద 3 మి.మీ. కాగితపు గోడ వస్తే రెండు పక్కలా కలిపి సరిగ్గా 216 అవుతుంది.

1. బంతికి పాలిథిన్ కవర్ బిగుతుగా చుట్టాలి. మేం మొదట మరిచిపోయాం, కాగితం తోలుకు అతుక్కుంది.
2. ఒక పొర తెలుగు పేపర్, తర్వాతి పొర ఇంగ్లిష్ పేపర్. అక్షరాలు చూస్తే ఎక్కడ పొర తప్పిపోయిందో వెంటనే తెలుస్తుంది.
3. రోజుకు రెండు పొరలే. మూడో పొర ఆశపడి వేస్తే లోపల తడి మిగిలిపోతుంది.
4. పది పొరలయ్యాక మూడు రోజులు ఫ్యాన్ కింద ఉంచాలి.

మూడో నంబర్ రూల్ నాకు తెలిసేలోపే, జులై 4న, పొరల మధ్య ఆకుపచ్చ బూజు పట్టింది. ముసురు పట్టిన వారం, ఎండ లేదు, పైగా మైదా. రెండు పొరలు ఊడదీసి జిగురే మార్చాం. చేర్యాలలో నకాశీ కళాకారులు మాస్కులు చేసేటప్పుడు చెక్కపొట్టును చింతగింజల జిగురుతో కలుపుతారు. చింతగింజలు నానబెట్టి, తొక్క తీసి, రుబ్బి, నీళ్లలో ఉడికించాం. పుస్తకాలు బైండింగ్ చేసేవాళ్లలా అందులో చిటికెడు మైలతుత్తం వేశాను. అది విషం. ఆ గిన్నె పిల్లల చేతికి ఇవ్వలేదు, కలిపింది నేనే, గ్లవ్స్ వేసుకుని. ఆ తర్వాత ఒక్క చుక్క బూజు రాలేదు.

కోత జులై 15న. హాక్సా బ్లేడుతో పైనుంచి కిందికి, ముందునుంచి వెనక్కి రెండు చిప్పలుగా కోశాం. మర్నాటికి అంచులు వంకరపోయి 9 మి.మీ. సందు వచ్చింది. అట్టపెట్టె నుంచి రింగు కోసి లోపలి అంచుకు అంటిస్తే సందు 2 మి.మీ.కి తగ్గింది. మళ్లీ చేస్తే కోసిన పది నిమిషాల్లోనే రింగు అంటిస్తాను.

ఖర్చు: బెలూన్లు 20, మైదా 45, ఫెవికాల్ 140. మొత్తం 205 రూపాయలు. పని 9 గంటలు.

దశ 2: కటకం, తెర

కార్నియా కోసం రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా అడుగు కోశాం. దానికి ఐదు కాళ్లుంటాయి, గుండ్రం కాదు. జ్యూస్ సెంటర్లో కప్పుల మీద పెట్టే బోర్లా మూత సరిపోయింది. దాని అడ్డం 98 మి.మీ. మన కార్నియా అడ్డం 11.5 మి.మీ. అనుకుంటే 104 రావాలి. ఆరు మి.మీ. తక్కువైంది, వదిలేశాం.

ఒక్క సంగతి మాత్రం పిల్లలకు చెప్పి తీరాలి. కంటి మొత్తం పవర్, అంటే వెలుతురును వంచే శక్తి, సుమారు 60 డయాప్టర్లు. అందులో 43 దాకా కార్నియాదే. వెలుతురును ఎక్కువగా వంచేది ముందున్న ఆ అద్దం పొరే. మా ప్లాస్టిక్ మూతకు రెండు పక్కలా గాలే కాబట్టి అది ఏమీ వంచదు. ఆ పనంతా లోపలి కటకం మీద పడింది.

కటకానికి మొదట 90 మి.మీ. భూతద్దం కొన్నాం, 150 రూపాయలు. గోళం వెనక 6 సెం.మీ. రంధ్రం చేసి ట్రేసింగ్ పేపర్ అంటించాం, అదే నేత్రపటలం. కిటికీ వైపు తిప్పితే పేపర్ మీద వెలుగు మచ్చ తప్ప బొమ్మ రాలేదు. గంటన్నర అటూ ఇటూ జరిపాం. తర్వాత ఎండలో పెట్టి చూస్తే భూతద్దం నాభ్యంతరం, అంటే ఎండ ఒక్క చుక్కగా చేరే దూరం, 25 సెం.మీ. మా గోళంలో కటకానికీ తెరకూ మధ్య ఉన్నది 16.3 సెం.మీ. బొమ్మ తెర వెనకాల ఎక్కడో పడుతోంది. అది దీర్ఘదృష్టి ఉన్న కన్ను.

హనుమకొండ చౌరస్తా దగ్గర కళ్లజోళ్ల షాపులో ప్లస్ 6 గాజు అడిగాను. కోయని గుండ్రటి గాజు 120 రూపాయలకు ఇచ్చారు. ప్లస్ 6 అంటే నాభ్యంతరం 16.7 సెం.మీ. ఆరు మీటర్ల దూరంలోని కిటికీకి బొమ్మ ఇంకొంచెం వెనక, 17.1 దగ్గర పడాలి. కటకాన్ని 8 మి.మీ. ముందుకు జరిపాం. కిటికీ ఊచలు, అవతలి వేపచెట్టు తలకిందులుగా తెర మీద నిలిచాయి. ఆ రోజు బెల్లు కొట్టినా పిల్లలు కదల్లేదు.

ఇక్కడ ఇంకో మాట. నేను కటకాన్ని జరిపాను. చేప కన్ను అలాగే చేస్తుంది. మన కంట్లో కటకం జరగదు, దాని చుట్టూ ఉండే సిలియరీ కండరాలు బిగిసినప్పుడు అది ఉబ్బుతుంది. ఇది చెప్పకుండా చూపిస్తే పిల్లలు తప్పు నేర్చుకుంటారు.

భూతద్దాన్ని పారేయలేదు. దాన్ని తిరిగి పెట్టి, ముందు ప్లస్ 1.75 గాజు పట్టుకుంటే మసక పోయి బొమ్మ తేటగా వచ్చింది. కళ్లజోడు ఎందుకో చెప్పడానికి ఇంతకంటే మంచి దారి నాకు దొరకలేదు.

పెద్ద తప్పు ఈ దశలోనే. కంటి నుంచి మెదడుకు పోయే దృక్‌నాడి కోసం తెల్ల పైపును గోళం వెనక నట్టనడుమ పెట్టాను. అప్పుడు పచ్చచుక్కకు చోటు లేదు. నిజానికి చూపు సూటిగా పడేది పచ్చచుక్క మీద, నాడి బయటికి పోయే అంధచుక్క దానికి ముక్కు వైపు జరిగి ఉంటుంది. మా కొలతలో రెండింటి మధ్య సుమారు 4 సెం.మీ. పైపు పీకి ముక్కు వైపు అతికించాం. ముక్కు వైపు అన్నాక ఇది ఏ కన్నో తేల్చాలి కదా. అప్పటిదాకా మేం చేసింది ఏ కన్నూ కాదు. ఆ రోజు నుంచి ఇది కుడికన్ను. స్టాండు మీద ఆ మాట పెద్దగా రాశాం.

ఖర్చు: 300. ఇప్పటిదాకా 505 రూపాయలు, 16 గంటలు.

దశ 3: పేర్లు

జులై 29న పుస్తకంలోని పేర్లతో స్టిక్కర్లు కొట్టించాను, 180 రూపాయలు. స్టిక్కర్లు అంటించకముందు 42 మందినీ ఒక్కొక్కరిని పిలిచి, నేను పేరు చెబితే ఆ భాగం మీద వేలు పెట్టమన్నాను. పాఠం అప్పటికే అయిపోయింది.

- కటకం: 37 మంది సరి
- నేత్రపటలం: 20
- దృఢస్తరం (తెల్లగుడ్డు): 9
- శుక్లపటలం: 11

శుక్లపటలం తప్పిన 31 మందిలో 19 మంది కటకం మీద వేలు పెట్టారు. అంటే నాయనమ్మ కథ ఒక్క ఇంటిది కాదు. శుక్లం అన్నా శుక్లపటలం అన్నా మొదటి ముక్క ఒకటే, తెలుపు అని అర్థం. కార్నియా ఏమో తెల్లగా ఉండదు, అద్దంలా ఉంటుంది. పేరు ఒక రంగు చెబుతుంటే కన్ను ఇంకోటి చూస్తోంది.

నేత్రపటలం దగ్గర ఇబ్బంది వేరు. భౌతిక శాస్త్రంలో రెటీనా అని చదివినవాళ్లు ఇది ఇంకేదో అనుకున్నారు. తెలిసిన వస్తువే, పేరు కొత్తదయ్యేసరికి పోల్చుకోలేదు.

ఆ సెట్టు వాడలేదు. వాళ్ల ఇళ్లలో ఏమంటారో రాసుకురమ్మని ఒక వారం ఇచ్చాను. నోటుబుక్కుల్లో వచ్చినవి: కనుగుడ్డు, తెల్లగుడ్డు, నల్లగుడ్డు, కనుపాప, రెప్ప, కనుకొలుకు, పొర, మోతిబిందు, నీటికాసులు, కండ్లకలక. ముందున్న అద్దం పొరకు మాత్రం ఎవరింట్లోనూ పేరు లేదు. కనబడని దానికి పేరెందుకు పెడతారు! దాన్నీ, దాని వెనక ఉన్న నల్ల వలయం ఐరిస్‌నూ కలిపి నల్లగుడ్డు అనేస్తారు. కంటిపాప అనే మాటను కొందరు నల్ల వలయానికి, కొందరు నడిమి రంధ్రానికి వాడారు.

లేబుల్ నియమం అప్పుడు మార్చాను. డ్రాయింగ్ షీటు ముక్క మీద మూడు వరుసలు. పైన ఇంటి మాట పెద్దగా, దాని కింద పుస్తకం మాట, చివర ఆసుపత్రిలో వినబడే మాట.

1. తెల్లగుడ్డు / దృఢస్తరం / స్క్లీరా
2. నల్లగుడ్డు మీది అద్దం పొర / శుక్లపటలం / కార్నియా
3. నల్లగుడ్డు / ఐరిస్ / ఐరిస్
4. కనుపాప, నడిమి రంధ్రం / కనుపాప / ప్యూపిల్
5. పప్పుగింజ / కటకం / లెన్స్
6. బొమ్మ పడే తెర / నేత్రపటలం / రెటీనా
7. మెదడుకు పోయే తీగ / దృక్‌నాడి / ఆప్టిక్ నర్వ్

ఐదోది నా కల్పన కాదు. లాటిన్‌లో లెన్స్ అంటే మసూరు పప్పు గింజ. గ్రీకులో ఫేకోస్ అన్నా అదే. శుక్లం ఆపరేషన్‌ను ఫేకో అంటారు కదా, ఆ మాట అక్కడి నుంచి వచ్చింది. పిడికెడు ఎర్రపప్పు తెచ్చి ఒక గింజ కటకం పక్కన అంటించాం. పొట్టు తీశాక రెండుగా చీలని గింజ ఉబ్బెత్తుగా, అచ్చం అదే ఆకారంలో ఉంటుంది.

నాలుగోదీ అంతే. ఎదుటివాళ్ల కంట్లోకి చూస్తే మన బొమ్మ చిన్న పాపలా కనబడుతుంది, అందుకే పాప. లాటిన్‌లో ప్యూపిల్లా అన్నా చిన్న బొమ్మ, చిన్న పిల్ల. ఇంత దూరాన ఉన్న రెండు భాషలు ఒకే సంగతి చూసి ఒకే పేరు పెట్టుకున్నాయని చెప్పినప్పుడు నాకే ఒళ్లు జలదరించింది.

శుక్లం అనే మాటను కటకం లేబుల్ పక్కన ఎర్ర కాగితం మీద విడిగా పెట్టాను: "శుక్లం, మోతిబిందు వచ్చేది ఇక్కడ." రెండో లేబుల్ పక్కన ఇంకో ఎర్ర కాగితం: "శుక్లం ఇక్కడ రాదు."

చీటీల సంగతి కూడా ఇక్కడే చెప్పాను. కళ్లజోడు చీటీలో ఓ.డి. అంటే కుడికన్ను, ఓ.ఎస్. అంటే ఎడమకన్ను, ఓ.యు. అంటే రెండూ. అదే ఓ.డి. మందుల చీటీలో మాత్ర పక్కన ఉంటే రోజుకు ఒకసారి. తెలియకపోతే మందుల షాపులో అడగాలి, ఊహించకూడదు.

ఖర్చు: 180, షీట్లు గుండుసూదులు 60. ఇప్పటిదాకా 745 రూపాయలు, 27 గంటలు.

దశ 4: చెవి

కన్ను కంటే చెవి మూడింతలు కష్టం. మొదటి చిక్కు కొలతే. చెవి దొప్ప పొడవు 6 సెం.మీ. పైచిలుకు. చెవి లోపలి అంకవన్నె అనే ఎముక 3 మి.మీ. కాస్త పైన, బియ్యపు గింజలో సగం పైచిలుకు అంతే. దొప్పను 5 రెట్లు చేస్తే 31 సెం.మీ. అవుతుంది, బాగుంది. అదే లెక్కన అంకవన్నె ఒకటిన్నర సెం.మీ., మూడో బెంచీకే కనబడదు. అన్నీ 20 రెట్లు చేస్తే దొప్పే నాలుగు అడుగులు దాటుతుంది.

చివరికి రెండు కొలతలు పెట్టాం. దొప్ప, అక్కడి నుంచి లోపలికి పోయే దారి శ్రవణకుల్య 5 రెట్లు. దాని కొసన ఉన్న పొర కర్ణభేరి నుంచి లోపలిదంతా 20 రెట్లు, వేరే బల్ల మీద. ఒకే బల్ల మీద పెట్టిన రోజు ఒక పిల్లవాడు "సార్, చెవి లోపల ఇంత పెద్ద డప్పు ఎట్ల పడుతది?" అని అడిగాడు. సరైన ప్రశ్న. అప్పుడే బల్లలు వేరు చేసి, 20 రెట్ల బల్ల మీద ఒక బియ్యపు గింజ అంటించి "అసలు అంకవన్నె దీనికంటే చిన్నది" అని రాశాం.

దొప్ప: చెక్కపొట్టు, చింతగింజల జిగురు, చేర్యాల పద్ధతే. రెండు పాళ్లు పొట్టుకు ఒక పాలు జిగురు వేస్తే ఆరాక పగిలింది. సమపాళ్లలో కలిపి, పొట్టును జల్లెడ పట్టి వేస్తే నిలిచింది. ఆరడానికి 11 రోజులు.

కర్ణభేరి: పాత జల్లెడ చట్రం, 18 సెం.మీ. దాని మీద బెలూన్ రబ్బరు సాగదీసి కట్టాం. చదునుగా వచ్చింది. అసలుది చదును కాదు, నడుమ లోపలికి లాగినట్టు లోతు తక్కువ గరాటులా ఉంటుంది, సుత్తె ఎముక పిడి దాన్ని లాగి పట్టుకుంటుంది. నడుమ దారం అంటించి పిడికి కట్టాకే ఆకారం కుదిరింది.

కర్ణభేరి వెనక ఉండే మూడు ఎముకల పేర్లు కూటకం (సుత్తె ఎముక), దాగలి, అంకవన్నె. 42 మందిలో ముగ్గురికే తెలుసు. మా ఊరి కమ్మరి దగ్గరికి కొలతలు రాసుకుని వెళ్లాను: 16, 14, 6.5 సెం.మీ. పేర్లు చదువుతుంటే రెండో దాని దగ్గర ఆయన ఆపాడు. "దాగలా? గిదే గద సారూ" అని తను ఇనుము కొట్టే దిమ్మె మీద చెయ్యి వేశాడు. నేను పదేళ్లుగా బోర్డు మీద రాస్తున్న మాట అది. ఆ మాట ఈ ఊళ్లో రోజూ పనిలో ఉందని నాకు తెలియదు. మర్నాడు పిల్లలను తీసుకెళ్లాను. సుత్తె, దాని కింద దాగలి. లాటిన్ పేర్లకూ అవే అర్థాలు. అంకవన్నె అంటే గుర్రం ఎక్కేటప్పుడు కాలు పెట్టే రికాబు. పెళ్లి బరాత్‌లో చూశామని నలుగురు చెప్పారు. తర్వాత ఆ పేర్లు దాదాపు ఎవరూ మర్చిపోలేదు.

కాని ఇనుప ఎముకలు పనికిరాలేదు. మూడూ కలిపి 640 గ్రాములు. కట్టగానే రబ్బరు చిరిగింది. నిర్మల్ వైపు నుంచి వచ్చే తోటి టీచర్ పొనికి చెక్క ముక్క తెచ్చారు, అక్కడ బొమ్మలు చేసే తేలిక చెక్క. చాకుతో చెక్కితే మూడూ కలిపి 48 గ్రాములు. డప్పు కొడితే అంకవన్నె కదలడం కంటికి కనబడింది. కర్ణభేరి వైశాల్యం అంకవన్నె ఆనే లోపలి చెవి చిన్న కిటికీకి సుమారు 17 రెట్లు. పెద్ద చర్మం మీది బలమంతా అంత చిన్నచోట పడుతుంది కాబట్టే పలుచని గాలి కదలిక లోపలి ద్రవాన్ని కదపగలుగుతుంది.

కర్ణావర్తం, అంటే స్వరాలను పట్టే లోపలి చెవి చుట్ట: విప్పితే సుమారు 35 మి.మీ., మా కొలతలో 70 సెం.మీ. తీగ మీద గుడ్డ చుట్టి మొదట మూడున్నర చుట్లు తిప్పాం, అందంగా ఉందని. తప్పు. ఉండేవి రెండున్నర, పావు తక్కువ మూడు దాకా. విప్పి, అడుగు చుట్టు 15 సెం.మీ., పై చుట్టు 3 సెం.మీ. వెడల్పుతో మళ్లీ చుట్టాం. అడుగున సన్నని కీచు స్వరాలు, కొసన బొంగురు స్వరాలు పట్టుబడతాయని రెండు రంగులు వేశాం. ఇంటి పేరు నత్తగుల్ల. కాక్లియా అనే మాటకూ మూలం నత్తే.

అర్ధవర్తుల కుల్యలు, అంటే తల కదలికను పసిగట్టే లోపలి చెవి గొట్టాలు: మేస్త్రీలు వాడే లెవెల్ పైపుతో మూడు వలయాలు, ఒక్కోటి 13 సెం.మీ., ఒకదానికొకటి లంబకోణంలో. లోపల రంగు నీళ్లు, కొంచెం తళుకుపొడి. గాలి బుడగ మిగిలి ప్రతిసారీ పైకి పోయి కూర్చుంది. నీళ్లు కాచి చల్లార్చి, పైపును టబ్బులో ముంచి నీళ్లలోనే మూతి కలిపితే బుడగ రాలేదు. నమూనా తిప్పి ఆపితే వలయం ఆగుతుంది, తళుకు ఇంకా తిరుగుతుంది. గిరగిరా తిరిగి ఆగాక లోకం ఎందుకు తిరుగుతుందో ఇదే.

యూస్టేషియన్ నాళం మనిషి పేరు, యూస్టాకి అనే 16వ శతాబ్దపు ఇటలీ వైద్యుడిది. అర్థం వెతికితే దొరకదు. "చెవి–గొంతు గొట్టం" అని రాశాం. చిన్నపిల్లల్లో ఇది పొట్టిగా, అడ్డంగా ఉండడం వల్ల జలుబు చేస్తే చెవినొప్పి తొందరగా వస్తుందని కింద చేర్చాం.

ఖర్చు: చింతగింజలు 80, మైలతుత్తం 60, పైపు 90, బెలూన్లు 20, తీగ 70, కమ్మరికి 200. కలిపి 520. ఇప్పటిదాకా 1,265 రూపాయలు, 53 గంటలు.

దశ 5: రెండో పరీక్ష

రంగులు, వార్నిష్ 310. మొత్తం 1,575 రూపాయలు, 61 గంటలు.

సెప్టెంబర్ 19. అదే 42 మంది, అదే పద్ధతి, లేబుళ్లు మూసి. శుక్లపటలం 34, దృఢస్తరం 33, నేత్రపటలం 39, దాగలి 41. శుక్లపటలం తప్పిన 8 మందిలో 5 గురు ఇంకా కటకమే చూపించారు. ఎర్ర కాగితం ఉన్నా అంతే.

బతుకమ్మ సెలవులకు ముందు శనివారం కన్ను నమూనాను ఆ అమ్మాయి ఇంటికి తీసుకెళ్లాం. చెప్పింది అమ్మాయే. నాయనమ్మ ముందు పట్టించుకోలేదు. చిప్ప తెరిచాక కటకాన్ని వేలితో తడిమి, పక్కన అంటించిన పప్పుగింజను చూసి అడిగింది: "గీ గింజకేనా పొరొచ్చింది బిడ్డా? మరి గీ గింజ తీస్తే లోపట ఏం పెడ్తరు?"

మా నమూనాలో దానికి జవాబు లేదు. తీసిన కటకం స్థానంలో చిన్న ప్లాస్టిక్ కటకం పెడతారని నోటితో చెప్పాను. అమ్మాయి నోటుబుక్కులో రాసుకుంది. చేయాల్సిన పనుల్లో అది ఇప్పుడు మొదటిది: కటకం ఊడదీసి ఇంకోటి పెట్టేలా గాడి చెక్కడం, 6 మి.మీ. ప్లాస్టిక్ కటకాన్ని 9 రెట్లు లెక్కన 54 మి.మీ.కి పారదర్శక షీటుతో కోయడం, దానికి ఇంటి మాట ఏమిటో నాయనమ్మనే అడగడం. రెండోది, కర్ణావర్తం కింద ఊడుతున్న లేబుల్ మళ్లీ అంటించడం.